తాబేలు గుడ్లకు మండె

"ఆగు నాన్నా, ఆగు!"

హేమశ్రీ వేసిన కేకకి లోకనాథ్ చేతిలోని పార గాల్లోనే ఆగిపోయింది. పామేమోనని ఆయన ఒక్క గెంతు వెనక్కి గెంతాడు. పాము కాదు. ఆయన చెక్కుతున్న పొలం గట్టు పెళ్ళగా విరిగి పడింది. విరిగిన చోటు నుంచి తెల్లటి గుడ్లు ఒక్కొక్కటే దొర్లుకుంటూ వస్తున్నాయి.

గోలీల కంటే పెద్దవి, నిమ్మకాయల కంటే చిన్నవి. హేమశ్రీ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. మట్టిలో గుడ్లేమిటి? కోడి ఏదీ? గూడు ఏదీ?

"తాబేలు గుడ్లు అమ్మడూ," అన్నాడు లోకనాథ్, గుండె మీద చెయ్యి వేసుకుని. "కాలవలోంచి వచ్చి, గట్టులో గొయ్యి తీసి పెట్టి పోద్ది. ఇంక మళ్ళీ ఇటేపు రాదు."

"రాదా? పిల్లల్ని వదిలేసి పోద్దా?"

గుడ్లను చూసినప్పటి కంటే ఆ మాటకే హేమశ్రీ ఎక్కువ అదిరిపోయింది.

"వాటి పద్ధతి అది. ఎక్కడియి అక్కడ పెట్టి మట్టి కప్పెట్టెయ్. ఈ ముక్క చెక్కకుండా వదిలేస్తాలే," అని ఆయన పార భుజాన వేసుకుని గట్టు రెండో చివరకి వెళ్ళిపోయాడు.

హేమశ్రీ కప్పెడదామనే కూర్చుంది. కానీ ఒక గుడ్డు చేతిలోకి తీసుకునేసరికి మనసు మారిపోయింది. పాపం, అమ్మ లేని గుడ్లు! వీటిని ఎవరు చూసుకుంటారు? నాన్నకి ఇడ్లీలు తెచ్చిన క్యారియర్ పక్కనే ఖాళీగా ఉంది. గుడ్లన్నీ అందులోకి చేరాయి. లోపల ఇంకా ఉన్నాయేమోనని వేలు పెట్టబోయింది. అంతలో నాన్న ఇటు తిరిగాడు. గబగబా మట్టి నెట్టేసి, ఏమీ ఎరగని పిల్లలా లేచి నిలబడింది.

వాళ్ళది కర్ణాటకలో కవితాళ దగ్గర, కాలువ కింది క్యాంపు. వరి పండించడానికి గుంటూరు వైపు నుంచి వచ్చిన తాతలు కట్టుకున్న ఊళ్ళను ఇక్కడ క్యాంపులంటారు. క్యాంపు పిల్లలకి వరి గురించి ఒకరు చెప్పాల్సిన పని లేదు. విత్తనం మొలకెత్తాలంటే ఏం చెయ్యాలో, నిద్రలో లేపి అడిగినా హేమశ్రీ చెబుతుంది. వడ్లు నానబెట్టాలి. తడి గోతాల మధ్య కుప్ప పొయ్యాలి. పైన బరువు పెట్టాలి. పొద్దునా సాయంత్రం నీళ్ళు చల్లి, చేత్తో తిరగెయ్యాలి. దాన్నే మండె కట్టడం అంటారు. పెరట్లో నాన్న కట్టిన మండె ఉండనే ఉంది.

దాని వెనకాల, ఎవరికీ కనపడని మూలన, హేమశ్రీ ఒక చిన్న మండె కట్టింది. పాత తట్టలో తడి గోతం ముక్క పరిచి, గుడ్లు పేర్చి, పైన ఇంకో తడి ముక్క కప్పి, ఒక రాయి పెట్టింది. వడ్లకి పనికొచ్చింది గుడ్లకి పనికిరాదా అనుకుంది మన పదేళ్ళ రైతమ్మ!

"ఏం చేస్తన్నావే అక్కడ?" అని వంటింట్లోంచి నానమ్మ బుల్లెమ్మ కేకేసింది.

"మండె తిరగేస్తన్నా నానమ్మా!"

అది అబద్ధమూ కాదు. అందుకే ఆ పిల్లకి భయం కూడా వెయ్యలేదు.

పక్కింటి సంజనకి మాత్రం చెవిలో చెప్పేసింది. సంజన కళ్ళు ఇంతింత చేసింది.

"నాకో పిల్లనిస్తావా?"

"ఇస్తా. ఒట్టు."

మూడో రోజుకల్లా నాన్న మండెలో వడ్లు తెల్లటి ముక్కులు బయటపెట్టాయి. లోకనాథ్ వాటిని తీసుకెళ్ళి నారుమడిలో చల్లాడు. గుడ్లు మాత్రం ఉలకలేదు, పలకలేదు. నీళ్ళు చాలలేదేమో అనుకుని హేమశ్రీ ఇంకో చెంబు పోసింది. రోజుకి రెండుసార్లు తిరగేసేది కాస్తా మూడుసార్లు తిరగేసింది.

చివరికి పిల్లలొస్తాయన్న సంతోషం కడుపులో దాచుకోలేక, బడిలో మధ్యాహ్నం భోజనాల దగ్గర భీమేశ్ సార్‌కి చెప్పేసింది. సార్‌ది రాయచూరు. పాఠం కన్నడలో చెప్పినా, క్యాంపు పిల్లలతో తెలుగులోనే మాట్లాడతారు.

"సార్, మా ఇంట్లో తాబేలు పిల్లలు పుట్టబోతన్నాయి!"

సార్ చేతిలోని ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది.

"ఏందీ? ఇంట్ల తాబేలు పిల్లలా?"

హేమశ్రీ అంతా చెప్పింది. గట్టు, గుడ్లు, తడి గోతం, రాయి, నీళ్ళు. చెబుతున్న కొద్దీ సార్ ముఖంలో నవ్వు తగ్గిపోతూ వచ్చింది.

"రోజూ తిరగేస్తన్నా కూడా సార్!"

"అయ్యో, ఎంత పని చేసినవమ్మా!"

సార్ అంత గట్టిగా అనడం హేమశ్రీ ఎప్పుడూ వినలేదు. పక్క బంతిలో పిల్లలు కూడా తలలు తిప్పి చూశారు. సార్ గొంతు తగ్గించారు.

"కోడి తన గుడ్లను తిప్పుతది. కోడి గుడ్డుకు అది మంచిదే. తాబేలు గుడ్డును తిప్పొద్దు. పెట్టింది పెట్టినట్టే ఉండాలె. లోపల పిల్ల పెంకుకు అంటుకొని పెరుగుతది, తిప్పితే దానికి దెబ్బ. ఇంగ పెంకుల సన్న సన్న రంధ్రాలుంటయ్. తడి గోతంల చుట్టి పెడితే దానికి గాలి ఎట్ల అందాలె? ఊపిరి ఎట్ల తీస్కోవాలె?"

ఊపిరా? గుడ్డులో ఉన్నవాళ్ళకి కూడా ఊపిరి కావాలా? వడ్లకీ గుడ్లకీ తేడా ఉంటుందని హేమశ్రీకి తట్టనే లేదు. ఆ మధ్యాహ్నం పాఠాలు ఒక్క ముక్క చెవికెక్కలేదు.

సాయంత్రం సార్ మోటార్ సైకిల్ మీద వాళ్ళింటికి వచ్చారు. లోకనాథ్ పొలం నుంచి అప్పుడే వచ్చాడు. సంగతి విని ఆయన కూతురి వైపు చూశాడు. అందరూ పెరట్లోకి వెళ్ళారు.

సార్ రాయి తీశారు. గోతం పైకెత్తగానే గుప్పున వాసన కొట్టింది. బుల్లెమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. గుడ్లు మచ్చలు పడి ఉన్నాయి. రాయి బరువుకి ఒకటి పగిలి ఉంది. దాని పెంకు సందులోంచి ఒక తాబేలు పిల్ల కనిపిస్తోంది. తల ఉంది. మూసుకున్న కళ్ళున్నాయి. చిట్టి చేతులు, వాటికి గోళ్ళు కూడా ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. కదలిక ఒక్కటే లేదు.

సార్ మిగతా గుడ్లను ఒక్కొక్కటే వెలుగుకి పెట్టి చూశారు. తల అడ్డంగా ఊపారు.

"ఇంగ కొన్ని రోజులైతే బయటికొచ్చేటివి," అన్నారు మెల్లగా.

"నేను బాగా చూసుకున్నా!" హేమశ్రీ ఒక్కసారిగా అరిచింది. "రోజూ చూసుకున్నా నాన్నా! ఒక్క రోజు కూడా మర్చిపోలా!"

ఆ పిల్ల చెప్పింది నిజమేనని అందరికీ తెలుసు.

"కప్పెట్టేశావనుకున్నానమ్మడూ," అన్నాడు లోకనాథ్ చివరికి. అంతే. తిట్టలేదు, కొట్టలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేదని హేమశ్రీకి అనిపించింది.

నాన్న గొయ్యి తవ్వాడు. గుడ్లు హేమశ్రీయే అందులో పెట్టి మట్టి కప్పింది. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ వాసన పోనట్టే ఉంది. తర్వాత సంజన ఇంటికి వెళ్ళి గుమ్మంలోనే నిలబడింది.

"నీకు పిల్లనివ్వలేనే. అన్నీ చచ్చిపోయాయి. నా వల్లే."

సంజన గుమ్మం దాటి వచ్చి ఆమె పక్కన నిలబడింది.

నారు ఎదిగింది. పొలానికి కాలువ నీళ్ళు వదిలారు. హేమశ్రీ ఆ గట్టు వైపు మాత్రం తొంగి చూడలేదు. పొలం బురదగా దున్ని దమ్ము చేసే రోజున, ట్రాక్టర్ డ్రైవర్ రంగాకి టీ ఇచ్చి రమ్మని నానమ్మ పంపితే తప్పలేదు. తోడుగా సంజన వచ్చింది. ముందు రాత్రి జోరుగా వాన పడింది. గట్లు మెత్తబడి కాలు దిగబడుతోంది.

పొలం గట్లన్నీ నున్నగా చెక్కి ఉన్నాయి. ఒక్క ముక్క మాత్రం గడ్డి పెరిగి, క్షవరం తప్పించుకున్న తలలా ఉంది. నాన్న మాట ప్రకారం వదిలేసిన ముక్క అది. తల దించుకుని దాన్ని దాటబోయిన హేమశ్రీ ఉలిక్కిపడి ఆగింది.

గట్టులో చిన్న కన్నం పడింది. కన్నం ముందు మట్టి కదిలింది. మట్టికి కాళ్ళు వచ్చాయి!

"సంజనా... అది... అది..."

రూపాయి బిళ్ళంత తాబేలు పిల్ల. ఆ రోజు తను వేలు పెట్టని చోట మిగిలిపోయిన గుడ్డులోది! ఎవరూ తిప్పనిది, ఎవరూ నీళ్ళు పోయనిది. ఎవరూ చూసుకోనిది బతికింది! హేమశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అది గట్టు దిగి పొలంలో పడింది. అటు నుంచి రంగా ట్రాక్టర్ ఇనప చక్రాలతో బురద చిమ్ముతూ వస్తోంది.

"రంగన్నా! ఆపు! ఆపన్నా!"

హేమశ్రీ రెండు చేతులూ ఊపుతూ బురదలోకి దూకింది. టీ ఫ్లాస్కు ఎటు పోయిందో తెలియదు. ట్రాక్టర్ గుర్రుమంటూ ఆగింది. చక్రానికీ తాబేలు పిల్లకీ మధ్య రెండు బారల దూరం కూడా లేదు.

"ఏంది పాపా, పానం పోయినంత పనైంది!" అని రంగా దిగి చూశాడు. "ఓస్, దీనికా! చేత్తో తీసి అవతల ఎయ్, అయిపాయె."

తాబేలు పిల్ల చక్రం చేసిన గాడిలో పడి, పైకెక్కబోయి జారింది. మళ్ళీ ఎక్కబోయింది, మళ్ళీ జారింది.

"తియ్యవే! పాపం, పడిపోతోంది!" అంది సంజన. "ఇంటికి తీసుకెళ్దాం!"

హేమశ్రీ వంగింది. చెయ్యి చాచింది. పిల్ల వీపు దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుని, రెండో చేత్తో ఆ చేతిని తన వీపు వెనక గట్టిగా పట్టుకుంది.

"వద్దు. అదే పోద్ది."

గట్టు మీద వాలిన తెల్లకొంగ మెడ చాచింది. హేమశ్రీ దాని వైపు ఒక అడుగు వేసి "హుష్!" అంది. కొంగ లేచిపోయింది. రంగా ఇంజన్ కూడా ఆపేశాడు. పిల్ల గాడి ఎక్కింది. బురదలో ఈడ్చుకుంటూ, ఆగుతూ, మళ్ళీ కదులుతూ పిల్లకాలువ అంచు దాకా చేరింది. హేమశ్రీ దాని పక్కగా, కాస్త ఎడంగా, ఒక్కొక్క అడుగే నడిచింది.

బుడుంగుమని చిన్న చప్పుడైంది. నీళ్ళ మీద ఒక చిన్న ముక్కు తేలి, ఊపిరి పీల్చుకుని, మునిగిపోయింది.

అప్పటికి గానీ హేమశ్రీ వీపు వెనక చేతులు వదల్లేదు.