ఈ పూట బిల్లు అక్కది

పొద్దున్నే భోజనాల బల్ల మీద ఒక అంగడి వెలిసింది. ఉప్పు డబ్బా, రెండు నారింజపళ్లు, ఒక సబ్బుబిళ్ల అమ్మకపు సరుకు. లెక్కల యంత్రం బోర్లా పెడితే అదే కార్డు మిషను. కూతురు దుకాణందారు. తల్లి చేతిసంచి పట్టుకుని కొనడానికి వచ్చిన మనిషి. అల్లుడు టూత్‌బ్రష్ నోట్లో పెట్టుకుని వెనక వరసలో నిలబడ్డాడు.

"ఏం కావాలమ్మా?" అంది కూతురు, ముక్కూ మొహం తెలియని గొంతు పెట్టి.

"ఈ వేషాలు ఆపితే టీ కావాలే. చల్లారిపోతోంది."

"సరే, టీయే కొనుక్కో. కార్డు పెట్టు. ఇప్పుడు మిషను అడుగుతుంది: మీ దేశపు డబ్బులో కడతారా, మా దేశపు డబ్బులో కడతారా? ఏది నొక్కుతావు?"

తల్లి ఆలోచించింది. "మనకు తెలిసింది మన డబ్బే కదా. మనదే."

"తప్పు! రాత్రి అంతసేపు చెప్పాను. మన డబ్బులో అన్నామో, వాళ్లకు తోచిన రేటు వేసి ముక్కుపిండి వసూలు చేస్తారు. వాళ్ల డబ్బులోనే కట్టాలి. అప్పుడు మార్చే పని మన బ్యాంకు చూసుకుంటుంది. అదే చవక."

"తొందరగా కానివ్వండి, వెనక జనం ఉన్నారు," అన్నాడు అల్లుడు బ్రష్ తీసి. "నాకు రైలు తప్పిపోయేలా ఉంది."

"మీరు మూతి కడుక్కోండి ముందు," అంది కూతురు.

తల్లి నవ్వింది కానీ ఆ నవ్వు కింద గుబులు కదులుతూనే ఉంది. ఆమె వయసులో ప్రయాణమంటే సామాను సర్దుకోవడం కాదు, మనసు సర్దుకోవడం. సముద్రం అవతల ఉన్న చెల్లెల్ని చూసి ఏళ్లు గడిచిపోయాయి. తల్లి లేని పిల్లని తనే కుట్టుమిషను తొక్కి పెంచింది. ఆ పిల్ల రెక్కలొచ్చి ఎగిరి, ఎక్కడో ఆసుపత్రి క్యాంటీన్‌లో వంటమనిషిగా కుదిరి, అక్కడే పెళ్లాడి, అక్కడే ఒంటరిదై, ఇప్పుడు పని మానేసి కూర్చుంది. ఊళ్లోవాళ్లందరికీ వడ్డించిన చెయ్యి అది. దాన్ని ఒక్కపూట కుర్చీలో కూర్చోబెట్టి, ఎవరిచేతో వడ్డింపించి, ఆ బిల్లు తను కట్టాలి. ఈ ప్రయాణంలో తల్లి కోరుకున్నది అదొక్కటే.

ఆ మాట కూతురితో అనకపోలేదు.

"నేను కుట్టిన డబ్బు కొంచెం నోట్లుగా మార్చి పట్టుకెళ్తానే. మీ బుజ్జి పిన్నికి ఒక భోజనం పెట్టించాలి."

"నోట్లు మార్చడమంటే చేతులారా పారబోసుకోవడమే అమ్మా. నా కార్డుకి ఒక్క పైసా రుసుము లేదు. ఆ కార్డు కోసం ఎంత తిరిగానో నీకు తెలుసు. పిన్నికి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టిద్దాం. నా డబ్బూ నీ డబ్బూ వేరా ఏమిటి?"

తల్లి చల్లారిన టీ తాగేసింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, తన కోటు అంచు విప్పి, లోపల నోట్లు పరిచి, మళ్లీ కుట్టేసింది. పాత కుట్టుకీ కొత్త కుట్టుకీ తేడా పట్టగలిగేది ఆ ఇంట్లో తనొక్కతే.

విమానం దిగి రైలెక్కి వెళ్లేసరికి చెల్లెలు తన ఊరి రైల్వే స్టేషన్‌కి ఎదురొచ్చింది. అక్కని చూడగానే పరుగెత్తుకొచ్చి, దగ్గరికి రాగానే ఆగిపోయి, "ఇదేమిటక్కా, ఇంత చిన్నదానివైపోయావు!" అంది.

"నువ్వు లావెక్కి నన్నంటావేమే!" అంది అక్క. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు ఏడ్చుకుని, ఆ పని అయిపోయాక హాయిగా టీకొట్టుకి బయల్దేరారు.

టీ తాగాక మొదలైంది అసలు తమాషా. అక్క సంచి తెరవబోయింది. చెల్లెలు ఆ సంచి మీద చెయ్యి వేసింది. "నా ఊళ్లో నువ్వు కట్టేదేమిటి?" "పెద్దదాన్ని నేనుండగా నువ్వెలా కడతావు?" చిన్నప్పటి నుంచీ వాళ్లకిది అలవాటు. సోడా దగ్గరైనా, బస్సు టిక్కెట్టు దగ్గరైనా, బిల్లు వస్తే ఇద్దరూ కుమ్ములాడుకోవాల్సిందే. అక్క సంచిలో కట్టడానికేమీ లేదన్న సంగతి చెల్లెలికి తెలియదు. అక్కకి తెలుసు. అయినా పోట్లాడింది.

ఈలోగా కూతురు కౌంటర్ దగ్గరికెళ్లి కార్డు ఆనించింది. మిషను కిచ్‌మంది.

"అయిపోయింది," అంది వచ్చి. "పదండి."

అక్కాచెల్లెళ్లు ఒకరి సంచి మీద ఒకరు చేతులు వేసుకుని అలాగే ఉండిపోయారు.

"మీ అమ్మాయి మెరుపే అక్కా," అంది చెల్లెలు. మెచ్చుకుందో, దిగులుపడిందో తెలియలేదు.

ఆ తర్వాత ప్రతిచోటా అంతే. పళ్లు కొన్నా కిచ్, బొమ్మల మ్యూజియమైనా కిచ్. సాయంత్రం సోఫాలో కూర్చుని కూతురు ఫోన్ చూసుకుంటూ, "ఇవాళ కూడా రుసుము సున్నా!" అని అందరికీ వినిపించేది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే పిల్ల. అంత తెలివైన కూతుర్ని చూసి తల్లికి గర్వమే. కానీ రాత్రి పక్క మీద పడుకుంటే, తిరుగు ప్రయాణం గుర్తొచ్చి గుండె ఝల్లుమనేది. చెల్లెల్ని సాగనంపిన ప్రతిసారీ ఇక ఇదే ఆఖరేమో అనుకుంటూనే వచ్చింది. ఈసారి ఆ మాట అబద్ధం కాకపోవచ్చు.

వెళ్లిపోయే ముందురోజు అందరూ ఏటి ఒడ్డున ఒక మంచి హోటల్‌కి వెళ్లారు. బల్లల మీద తెల్లటి గుడ్డలు. అంచులు చేత్తో మడిచి కుట్టినవని తల్లి చూడగానే పోల్చుకుంది. చెల్లెలు కుర్చీలో బిగదీసుకుని కూర్చుంది. వడ్డించే అమ్మాయి సూపు తెస్తే లేచి గిన్నె అందుకోబోయింది.

"కూర్చోవే," అంది అక్క. "ఇవాళ నీ పని తినడమే."

"అలవాటు అక్కా. చేతులు ఊరుకోవు."

చేప బాగుంది. అల్లుడు రెండుసార్లు తెప్పించుకున్నాడు. చెల్లెలు వంట మీద వంకలు పెడుతూనే గిన్నె ఖాళీ చేసింది. చివరికి చిన్న సాసరులో బిల్లు వచ్చింది. తల్లి సంచి జిప్పు లాగింది. అది సగంలో ఇరుక్కుంది.

కిచ్.

"అయిపోయింది," అంది కూతురు కార్డు లోపల పెట్టుకుంటూ. "వాళ్ల డబ్బులోనే కట్టాను, భయపడకు."

"ఎందుకు కట్టావే?"

ఆ గొంతు కూతురికి కొత్త. పక్కబల్ల వాళ్లు కూడా తిరిగి చూశారు.

"ఎందుకేమిటమ్మా?"

తల్లి జిప్పుని బలవంతంగా లాగి, రబ్బరుబ్యాండు వేసిన నోట్ల కట్ట బల్ల మీద పెట్టింది. ఆ దేశపు నోట్లే.

"ఇవెక్కడివి?"

"నావే. కోట్లో కుట్టి తెచ్చాను. నిన్న స్టేషన్‌లో ఎర్రబోర్డు కొట్లో మార్చాను. కమీషన్ లేదని రాసుంది."

"స్టేషన్‌లోనా!" కూతురు నెత్తిమీద చేతులు పెట్టుకుంది. "కమీషన్ లేదని రాస్తే రేటులోనే నొక్కేస్తారమ్మా! అది నిలువుదోపిడీ! అయినా నీకు ఆ కొట్టు ఎవరు చూపించారు?"

అల్లుడు ఖాళీ అయిన సూపు గిన్నెలోకి తదేకంగా చూడసాగాడు.

"మీరా!"

"అత్తయ్యగారు అడిగారు," అన్నాడు గిన్నెతోనే చెప్తున్నట్టు. "కాదనలేకపోయాను. రేటు నాక్కూడా కొంచెం... ఇదిగానే అనిపించింది."

కూతురి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "బాగుంది. ఇంటిల్లిపాదీ కలిసి నన్ను పిసినారిని చేశారు. నేను ఎవరికోసం చేశానిదంతా? నీకు మీ చెల్లెల్ని చూపించాలని కాదూ? అక్కడింత ఇక్కడింత మిగిల్చితేనే కదా ఇన్నాళ్లు ఉండగలిగాం!"

"నువ్వు పిసినారివని ఎవరన్నారే?" తల్లి కూతురి చెయ్యి పట్టుకుంది. "నీ చేతికి ఎముకే లేదు. నా బాధంతా అదే. నీకు ఉద్యోగం వచ్చిన నాటి నుంచి నా మందులు నువ్వే, చెప్పులు నువ్వే, ఆఖరికి మిషను దారం ఉండలు కూడా నువ్వే కొన్నావు. నువ్వంత వేగంగా చెయ్యి చాపుతుంటే, ఇక నా చెయ్యి ఎప్పుడు చాపను? తీసుకుని తీసుకుని నా చేతులు బోర్లించడం మరిచిపోయాయే."

తల్లి చెల్లెలి వైపు తిరిగింది.

"దీన్ని ఎన్నిసార్లు సాగనంపానో. వెళ్తూ వెళ్తూ ఇదే నాకేదో ఒకటి కొనిచ్చి వెళ్లేది. రేపు నేను వెళ్లిపోతాను. మళ్లీ చూస్తానో లేదో. అక్క ఒకపూట అన్నం పెట్టించిందని దానికి గుర్తుండాలి. చవకో ఖరీదో నాకు తెలీదు. నా చేత్తో పెట్టించాలి."

"మళ్లీ చూడకేం, నేనెక్కడికీ పోవట్లేదు," అంది చెల్లెలు తెల్లగుడ్డతో కళ్లు ఒత్తుకుంటూ. "పోట్లాట అయ్యాక చెప్పండి. నేనింకా ఐస్‌క్రీం చెప్పలేదు."

ముందు అల్లుడు పకాలున నవ్వాడు. తర్వాత తల్లి. కూతురు ముక్కు ఎగబీలుస్తూ లేచి, వడ్డించే అమ్మాయి దగ్గరికి వెళ్లింది. ఏం చెప్పిందో గాని ఆ అమ్మాయి మొదట తెల్లబోయింది, తర్వాత ఈ బల్లవైపు చూసి నవ్వి, కార్డు మీద కట్టించుకున్నది వెనక్కి వేసింది. ఐస్‌క్రీంతో కలిపి కొత్త బిల్లు రాసి, సాసరుని ఈసారి తల్లి ముందే పెట్టింది.

"ఆగక్కా, నా ఊళ్లో నువ్వు కట్టేదేమిటి!" చెల్లెలు లేచి సాసరు లాక్కోబోయింది.

"చెయ్యి తియ్యి! పెద్దదాన్ని నేనుండగా!"

"పెద్దదానివైతే మాత్రం?"

"తియ్యవే అంటే!"

బల్ల అదిరింది. గ్లాసు ఒరిగింది. కూతురు గ్లాసు పట్టుకుంది గాని, బిల్లు జోలికి పోలేదు. చివరికి అక్కే గెలిచింది. నోట్లు ఒక్కొక్కటే ఇస్త్రీ చేసినట్టు సాపు చేసి పెట్టింది. సరిపోయాయి. చిల్లర నాణాలు కొన్ని తిరిగొచ్చాయి.

"ఎవరైనా నాకు అన్నం పెట్టించి ఎన్నేళ్లయిందో అక్కా," అంది చెల్లెలు ఐస్‌క్రీం గీరుకుంటూ.

మర్నాడు విమానాశ్రయంలో అక్కాచెల్లెళ్లు ఎక్కువ మాట్లాడుకోలేదు. మోకాళ్ల నొప్పులకి ఏ నూనె మంచిదో చెప్పుకున్నారు. లోపలికి వెళ్లే తలుపు దగ్గర చెల్లెలు అక్క కోటు గుండీ ఒకటి పెట్టింది, అంతే. లోపలికొచ్చాక తల్లి గాజుగోడ అవతలికి చూస్తూ ఉండిపోయింది. జనం మధ్య ఊగుతున్న ఆ చెయ్యి కాసేపు కనబడింది, తర్వాత కనబడలేదు.

అల్లుడు ఏదో జోకు వేయబోయి మానుకున్నాడు. కూతురు తల్లి పక్కన కూర్చుంది. ఏం చెప్పినా తల్లి దిగులు తీరదని ఆమెకు తెలుసు. ఎదురుగా ఒక రొట్టెల కొట్టు ఉంది. విమానాశ్రయంలో అంతకంటే ఖరీదైన చోటు ఉండదు.

"అమ్మా, ఆకలేస్తోంది. ఏమన్నా కొనిపెట్టవా?"

తల్లి తిరిగి చూసింది. ఆ మాట కూతురి నోట విని ఎంతకాలమైందో గుర్తు రాలేదు. చటుక్కున లేచింది. సంచిలో మిగిలిన నాణాలన్నీ కౌంటర్ మీద పోసి, వేలితో ఒక తియ్యరొట్టె చూపించింది. నాణాలన్నీ దానికే సరిపోయాయి. దాన్ని తుంచి, పెద్దముక్క కూతురికిచ్చి, చిన్నది రెండు చేసి ఒకటి అల్లుడి చేతిలో పెట్టింది.

కూతురు గబగబా తింటోంది. మూతికంతా చక్కెర అంటుకుంది. తల్లి తన కొంగుతో తుడిచి, కొంచెం భయంగా అడిగింది.

"చాలా ఖరీదెక్కువటే?"

"చూడలేదమ్మా," అంది కూతురు నోటినిండా రొట్టెతో. "ఇంకో ముక్క ఉందా?"