దిష్టి చెప్పు

వెనక హెడ్‌లైట్లు మళ్ళీ కనిపించాయి.

దుర్గాదేవి స్కూటీ యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పింది. బండి మొత్తుకుందే గానీ స్పీడు పెరగలేదు.

వడ్డాది దాటింది. రోడ్డుకి రెండు పక్కలా చెరకు తోటలు. చీకటిపడి ఎంతోసేపు కాలేదు, అయినా మనిషన్నవాడు లేడు.

వస్తున్నాడు... రానీ.

డిక్కీలో ఒక పాత తోలు చెప్పు ఉంది. ఎడమకాలిది. ఎండకి ఎండి, వానకి తడిసి వంకర తిరిగిపోయింది. సాయంత్రం చోడవరం పంచదార ఫ్యాక్టరీ ముందు, చెరకు లారీల లైన్లో, ఒక లారీ వెనక దిష్టికి వేలాడుతుంటే కోసి తెచ్చేసింది. కాటా దగ్గర వాచ్‌మన్‌కి చెప్పి మరీ వచ్చింది.

"ఓనరు అడిగితే రోలుగుంట దుర్గ పట్టికెళ్ళిందను."

దిష్టి చెప్పు పోతే ఏ ఓనరైనా నవ్వుతాడు. ఇంకో పాత చెప్పు కట్టుకుంటాడు.

ఈ ఓనరు శ్యాంప్రసాద్ మాత్రం జీపు వేసుకుని వెంటపడ్డాడు!

ఆ చెప్పుకి బొటనవేలి దగ్గర పట్టీ తెగితే నాన్న రాగితీగతో కుట్టాడు. ముప్ఫై ఏళ్ళ కిందటి మాట. అక్క చిన్నారిది ఆ చెప్పు. ఆఖరి బస్సు తప్పిపోయి, చెరకు దింపేసి వెళ్తున్న లారీని లిఫ్టు అడిగింది. "ఎక్కమ్మా, దింపేస్తాను" అన్నాడట డ్రైవరు. విన్నవాళ్ళున్నారు, వాడెవడో చెప్పినవాళ్ళు లేరు.

పదహారేళ్ళ పిల్ల. మళ్ళీ కనిపించలేదు. అమ్మ దేముడమ్మ ఇప్పటికీ రాత్రిపూట వీధితలుపు గడియ పెట్టనివ్వదు.

ఢామ్!

జీపు గుద్దింది. దుర్గ ఎగిరి చెరకు మట్టల్లో పడింది. హెల్మెట్ బతికించింది. జేబులో ఫోను తడిమి చూసుకుంది. కాల్ లైన్లోనే ఉంది.

అదే ఊపులో జీపు ముందు చక్రం కల్వర్టు పక్క గోతిలో దిగబడింది. శ్యాంప్రసాద్ దిగాడు. అరవై దాటినా దుక్కలా ఉన్నాడు. చేతిలో చెరకు కత్తి.

"సెప్పు ఎక్కడే?"

"పాత సెప్పు కోసం ఇంత దూరం వచ్చేవేటి?"

"అది కట్టేకే డ్రైవర్ని ఓనర్నయ్యేను. ఏ లారీ కొన్నా ముందు అదే కడతాను. ఇచ్చీ."

అక్క చెప్పు వీడికి అదృష్టమట... దుర్గకి వీణ్ణి ఇక్కడే నరికెయ్యాలనిపించింది. కానీ అక్క ఎక్కడుందో వీడికొక్కడికే తెలుసు.

"రెండోది కూడా నా దగ్గరుంది," అబద్ధమాడింది. "రావికమతం కాలవలో దొరికింది. రెండూ స్టేషన్లో ఇచ్చేస్తాను."

వాడు నవ్వాడు.

"ఎవరికే కథలు? రెండోది ఆ గుంట కాలికే ఉంది. రావికమతం ఎక్కడ, ఇటికిల బట్టీ ఎక్కడ?"

"ఏ బట్టీ?"

"మీ ఊరవతల, పాతది." కత్తి ఎత్తాడు. "తొందరేటి... నువ్వూ అక్కడికే పోతావు."

రోడ్డు మలుపులో లైట్లు!

ఖాళీ చెరకు లారీ వచ్చి ఆగింది. వాడి లారీయే. ఈ సీజన్లో పెట్టుకున్న డ్రైవరు బాలు కిందికి దూకాడు.

శ్యాంప్రసాద్ ఊపిరి పీల్చుకున్నాడు. "ఒరే బాలూ, టైముకొచ్చేవు. దీని కాళ్ళట్టుకో."

బాలు చెవి దగ్గర ఫోను ఉంది.

"మొత్తం విన్నానక్కా," అన్నాడు.

కత్తి గాల్లోనే ఆగిపోయింది.

"అక్కేటి...?"

"చిన్నారి పోయేటప్పటికి వీడు ఉయ్యాల్లో ఉన్నాడు," దుర్గ లేచి నిలబడింది. "ఆ రాగితీగ సంగతి అమ్మ నోట విని విని పెరిగేడు. నీ లారీ కడుగుతా ఆ సెప్పు చూసింది వీడే."

బాలు వాడి మణికట్టు మెలితిప్పాడు. కత్తి జారింది. దుర్గ తీసుకుంది.

జేబులు వెతికి వాడి ఫోను లాక్కుని తోటలోకి విసిరేశాడు బాలు. తర్వాత వెళ్ళి, లారీ క్యాబిన్ తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ఎక్కండి బాబూ. దింపేస్తాం."

"ఎక్కడికిరా?"

దుర్గ కత్తి మొనతో మెట్టు చూపించింది.

"మా అక్క దగ్గరికి."