మూసిన మైకులో మనోజ్ఞ

అశ్వారావుపేట పామాయిల్ తోటల అంచున ఉన్న ఆ రేకుల చర్చిలో, ఆదివారం ఆరాధనకు ముందు, మనోజ్ఞ మైకు పుచ్చుకొని "ఉఫ్, ఉఫ్" అని ఊదింది.

"దీపం గాదు మేడం, ఊదితే ఆరిపోదు," అన్నది హాలు చివరినుండి ఒక గొంతు.

"మరేం జెయ్యాలె?"

"పాడాలె. అందుకే పెట్టిన."

క్వయర్ యావత్తూ నవ్వింది. పాస్టరు దూలయ్యగారి ఏకైక పుత్రిక, హైస్కూలు పిల్లలను కేవలం కనుబొమ్మతో నిలబెట్టగల టీచరు అయిన మనోజ్ఞకు ఇది సహించరాని పరాభవం. మిక్సరు వెనుక కూర్చున్న ఆ యువకుని పేరు భాను. పామాయిల్ మిల్లులో ఎలక్ట్రీషియన్, ఆదివారాలు చర్చిలో సౌండ్ ఆపరేటర్.

చర్చికి కొత్త స్పీకర్లు కొనవలసిన సమయమది. దూలయ్యగారి దృష్టి మనిషెత్తు బాక్సుల మీద ఉన్నది.

"మన వాక్యం పక్కూరికి ఇనబడాలె భానూ."

"పక్కూరికి ఇనబడుతది అయ్యగారూ. ఈ రేకుల కింద కూసున్నోళ్లకే అర్థం గాదు. మాట తేటగ రావాలంటే సన్నటి కాలమ్ స్పీకర్లు చాలు."

"సరే, తెచ్చి పెట్టు. ఒక్కపారి కీచుమని కూసిందో, వాపసే!"

మైకులోని ధ్వని స్పీకరుగుండా వచ్చి తిరిగి ఆ మైకులోనే దూరినప్పుడు పుట్టే ఆ కూత అనగా దూలయ్యగారికి పరమ అసహ్యం. భాను తన స్పీకర్లను కూయనివ్వలేదు.

దూలయ్యగారు వాక్యం చెప్పేటప్పుడు భాను క్వయర్ మైకులను మూసివేసేవాడు. హాలుకు వినిపించకున్నను, మూసిన మైకు సైతం ఆపరేటరు హెడ్‌ఫోన్స్‌లో వినిపించగలదు. ఈ రహస్యం ఎరుగని మనోజ్ఞ తన మైకు ముందు కూర్చుండి యథేచ్ఛగా గొణిగేది.

"నాన్నా, ఇంక ముగించే. అన్నం సల్లారిపోతున్నది."

చివర కూర్చున్న భాను నవ్వు ఆపుకొనలేక దగ్గేవాడు. కొన్ని వారాలకు ఆమెకు అనుమానం కలిగింది.

"ఆపరేటరువి గాడిద చెవులు," అని మెల్లగా అన్నది.

భాను చెయ్యి అప్రయత్నంగా చెవి మీదికి పోయింది. దొంగ దొరికినాడు!

ఆరాధన ముగియగానే ఆమె అతన్ని నిలదీసింది. "నా మాటలు దొంగతనంగ ఇంటున్నవా?"

"మైకు చెక్ జేస్తున్న మేడం."

"ఇన్ని వారాలా?"

"మంచి మైకు మేడం. ఎంత చెక్ జేసినా తనివి తీరది."

ఆమె కోపగించిన మాట నిజమే. గొణగడం మానిందా? లేదు. పైగా మరుసటి వారంనుండి అతనికి వినిపించుటకే గొణిగింది. "నవ్వకు, నాన్న జూస్తుండు" అనేది. ఒకనాడు "గొంతు గరగర అంటున్నది" అన్నది. తరువాతి ఆదివారం ఆమె మైకు పక్కన కలకండ పొట్లం కనిపించింది. ఆమె ఎంత పలికినా, బదులు చెప్పుటకు పాపం అతనికి మార్గమే లేదు.

ఒక వర్షపు ఆదివారం, రేకుల మీద చినుకులు మోగుచుండగా, ఆమె గొంతులో పరిహాసం లేదు.

"భానూ, ఆ కుర్చీలల్ల కూసున్నోళ్లు సత్తుపల్లి సంబంధమోళ్లు. ఆరాధన అయినంక మా ఇంట్ల భోజనం. ఆడనే మాట ఇచ్చేటట్టున్నడు నాన్న. నాకు నువ్వే కావాలె. నీ మనసుల గూడ గట్లనే ఉంటే, ఇప్పుడు పాడే పాటల, మా పాట మాకు ఇనబడనీకె నా కాళ్లకాడ పెట్టిన స్పీకరు సౌండు పెంచు. లేదంటే తగ్గించు."

పాట మొదలైంది. ప్రతి ధ్వనికీ ఒక హద్దు ఉన్నదని మిక్సరుకు తెలియును. ఆ క్షణాన భానుకు తెలియలేదు. అతడు మీటను ఆసాంతం పైకి తోసినాడు.

చర్చి అదిరేటట్లు కీచుమని కూత! పసివారు ఏడ్చిరి. పెద్దలు చెవులు మూసుకొనిరి. మనోజ్ఞ ముఖం మాత్రం వెలిగిపోయింది.

"భానూ! ఏందది?" అని దూలయ్యగారు గర్జించారు.

సౌండు తగ్గించి, భాను తలవంచుకొని లేచాడు. "నా తప్పే అయ్యగారూ. అవ్ అని చెప్పబోయిన."

"ఎవరికి?"

"నాకే నాన్నా," అన్నది మనోజ్ఞ. ఈమారు ఆమె మైకు తెరిచియే ఉన్నది. "నేనే అడిగిన."

సత్తుపల్లినుండి వచ్చిన వరుని తల్లి ముందుగా నవ్వేసింది. "మాట అనుకోకముందే తెలిసింది, అదే మేలు. భోజనం మాత్రం పెట్టండి అయ్యగారూ, ఇంత దూరం వచ్చాంగా!"

దూలయ్యగారు భానువైపు వేలు చూపారు. "కూతలతోని గాదు. ఈడికొచ్చి నోటితోని జెప్పు."

ఎందరికో మైకు అమర్చిన భాను ఎన్నడూ మైకులో మాట్లాడి ఎరుగడు. వచ్చి, అలవాటుకొద్దీ దానిని తట్టి, "చెక్… చెక్…" అన్నాడు. చర్చి ఘొల్లుమన్నది.

"అయ్యగారూ… మీరు ఒప్పుకుంటే…"

"ఇనబడ్తలేదు బిడ్డా!" అని చివరి చాపమీదినుండి హేమ్లి అవ్వ కేకవేసింది.

మిక్సరు దగ్గర ఎవరున్నారు గనుక! మనోజ్ఞ వేదిక దిగి, వట్టికాళ్లతో హాలు పొడవునా పరుగెత్తి, భాను మాట్లాడుతున్న మైకు మీటను కనిపెట్టి పైకి జరిపింది. "ఇగ జెప్పు!"

"మనోజ్ఞను పెండ్లి జేసుకుంట. పాణంలెక్క జూసుకుంట."

ఆ మాట చివరి చాపదాకా, వాన హోరుమీదుగా, అక్షరం అక్షరంగా తేటగా చేరింది. దూలయ్యగారు ఒకసారి ఆ సన్నని స్పీకర్లను, ఒకసారి కూతురిని చూచి, దీర్ఘంగా నిట్టూర్చారు.

"రేపు మీ అమ్మను దీస్కొని ఇంటికి రా భానూ. మనోజ్ఞా, నువ్వు దానిమీదికెల్లి చెయ్యి తియ్యి. మళ్ల కూస్తది!"

ఆమె చెయ్యి తీయలేదు. కాస్త తగ్గించింది, అంతే.