ఆముదం చేనులో మైకు

"సాంసన్, పది నిమిషాల్లో ఇంజిన్ స్టార్ట్ చేస్తారు. శబ్దం పట్టే ట్రాన్స్‌మిటర్ నీ దరిదాపుల్లోనే ఉంది. వెతుకు."

చెవిలో దాచిన రిసీవర్‌లో చీఫ్ గొంతు. కోడేరు శివార్లలో ఆముదం చేను గట్టున, తలకు తువ్వాల చుట్టుకుని కాపలాదారు వేషంలో ఉన్న ఏజెంట్ సాంసన్ లేచి నిలబడ్డాడు.

పక్కనున్న పాత పత్తి జిన్నింగ్ మిల్లులో మన దేశపు మొట్టమొదటి గ్రాండ్ ప్రీ రేసు కారు ఇంజిన్ తయారవుతోంది. ఈరోజే ఫుల్ పవర్ టెస్ట్. పని ఎంతవరకు వచ్చిందో కనిపెట్టాలని 'కోబాల్ట్' అనే విదేశీ ముఠా కాచుక్కూర్చుంది. వాళ్లకు బ్లూప్రింట్లు అక్కర్లేదు. శబ్దం దొరికితే చాలు, పవరెంతో, ఎక్కడ తడబడుతోందో కంప్యూటర్ విప్పి చెప్పేస్తుంది. ఆపైన ఇంజనీర్ల రెండేళ్ల కష్టం గంగలో కలిసినట్టే.

పాలమూరు కూలీ ఇంట్లో పుట్టినవాడికి ఈ వేషం ఒక లెక్కా? ఒంటరితనమే అతన్ని తినేసింది. పుట్టిన గడ్డ మీదే దొంగపేరుతో బతకాలి, తెలిసినవాళ్లు ఎదురైతే మొహం తిప్పుకోవాలి. మూడు వారాలుగా అతనికి తోడు ఒకే గొంతు. చేను మధ్య కర్రకు కట్టిన, పిట్టలను తోలే మైకు మాటిమాటికీ అరిచేది: "హో... పో! పో!"

అది రికార్డు చేసిన రోజా గొంతు. చేను కౌలుకు తీసుకున్న రైతుగా నటిస్తున్న డిపార్ట్‌మెంట్ ఆఫీసర్. మొదటిరోజు "వానెప్పుడు పడ్తది?" అని అతనడిగితే, "బీచుపల్లి దాటినంక" అని కోడ్ చెప్పి, నల్ల కళ్లద్దాల మీదుగా నవ్వింది. ఎర్రరంగు గోళ్లతో రోజూ ఫ్లాస్కులోంచి టీ పోసేది. ఆమె వెళ్లిపోయాక కూడా ఆ గొంతు ఉండేది.

సాంసన్ మైకు వైపు చూశాడు. ఇక వెతకాల్సిన పని లేదు.

రోజా అప్పటికే కర్ర దగ్గర నిలబడి ఉంది.

"ఆముదం చేనుకు మైకు ఎందుకు రోజా?"

"పిట్టలకు."

"ఆముదం పిట్ట ముట్టదు. మేక గూడ మూతి పెట్టదు."

ఆమె నవ్వు మాయమైంది. "ఎప్పుడు తెల్సింది నీకు?"

"మొదటి దినమే."

"మరి గప్పుడే ఎందుకు అడగలే?"

"నీ గొంతు బంద్ అయితదని."

ఒక్క క్షణం ఆమె కళ్లు చెమ్మగిల్లాయేమో. కళ్లద్దాల వెనక ఏం కనిపిస్తుంది? "జర ఆలస్యం చేసినవ్ సాంసన్" అంటూ ఫ్లాస్కు అడుగు తిప్పింది. చేతిలోకి చిన్న పిస్టల్ వచ్చింది.

మిల్లులో స్టార్టర్ కీచుమంది. సాంసన్ ఒక్క ఉదుటున కర్ర మీదికి దూకాడు. తూటా భుజాన్ని గీరుకుంటూ పోయింది. మైకు అడుగున దాగిన ట్రాన్స్‌మిటర్‌ను వైర్లతో సహా పీకేశాడు. ఎర్ర లైటు ఆరింది.

మరుక్షణమే ఇంజిన్ గర్జించింది.

తూటా చప్పుడు విని, మేకల కాపరుల వేషంలో ఉన్న కమాండోలు రోజాను చుట్టుముట్టారు. జీపెక్కుతూ ఆమె ఒక్కసారి వెనక్కి చూసింది. అతను చెయ్యి ఊపబోయి ఆగిపోయాడు.

సాయంత్రం వనపర్తి లాడ్జి గదిలో కట్టు కట్టిన భుజంతో కూర్చుని సాంసన్ ఒళ్లో ఉన్న మైకు బటన్ నొక్కాడు.

"హో... పో! పో!"

మళ్లీ నొక్కబోయాడు. ఫోన్ మోగింది.

"శభాష్. ట్రాన్స్‌మిటర్ అందింది. మైకేది?"

"పిట్టలు ఎత్కపోయినయ్ సార్."