ఒక్క నిమిషం గది నిశ్శబ్దం

సాయంత్రం ఆరయ్యేసరికి కాలేజీ ల్యాబ్ అక్క తాళాల గుత్తి ఊపుకుంటూ మేడ మీదికి వస్తుంది. ఎడిటింగ్ గదుల తలుపులు ఒక్కొక్కటీ లాగి చూసి తాళం వేసుకుంటూ పోతుంది. చివరన ఉన్న రికార్డింగ్ గది దగ్గర మాత్రం ఆగుతుంది. తలుపు బార్లా తెరిచి, లైటు వేసి, మూడుసార్లు అరుస్తుంది.

"ఎవరన్నా ఉన్నారా? ఎవరన్నా ఉన్నారా? ఎవరన్నా ఉన్నారా?"

ఆ గది అగ్గిపెట్టెంత. ఒక మైకు, ఒక స్టూలు, గోడల నిండా నల్ల స్పాంజి. గుమ్మంలో నిలబడితే మూలమూలా కనిపిస్తుంది. అయినా అరుస్తుంది. పిల్లలకి అదో వేళాకోళం. క్యాంటీన్లో ఖాళీ టీ గ్లాసులోకి తొంగిచూసి "ఎవరన్నా ఉన్నారా?" అని పగలబడి నవ్వుకునేవాళ్లు.

చెవులపిల్ల మాత్రం నవ్వేది కాదు. జట్టువాళ్లు పెట్టిన పేరది. పక్క గదిలో ఫ్యాను బేరింగు అరిగిందని ఇక్కడ కూర్చుని చెప్పే రకం ఆమె. సౌండు పని ఎవరూ నేర్పలేదు. పొద్దున పూట ఫోన్లు బాగుచేసే షాపులో పనిచేస్తూ, పాడైన స్పీకర్లు విప్పి చూసుకుంటూ తనే నేర్చుకుంది.

జట్టులో ముగ్గురు. కెప్టెన్, పొడుగ్గా పుల్లలా ఉండే కెమెరా కుర్రాడు ట్రైపాడ్, ఆమె. గడియారాలు బాగుచేసే ఒక ముసలాయన మీద పన్నెండు నిమిషాల ఫిల్ము వాళ్ల మల్టీమీడియా ప్రాజెక్టు. ఐదింటికి అప్పగించాలి. ఆరింటికి హాల్లో వేస్తారు. టైటిల్స్‌లో పేరున్నవాళ్లకే మార్కులు. అదొక్కటే రూలు.

మూడు గంటలకి చెవులపిల్ల టైటిల్స్ చూసింది. శబ్దం అని ఉన్నచోట కెప్టెన్ పేరుంది.

"నా పేరేది?"

కెప్టెన్ తెర మీంచి కళ్లు తిప్పలేదు. "నువ్వు షూటింగుకి ఎన్ని రోజులొచ్చావు?"

"రెండు."

"మేం పదకొండు."

"నేను రాని తొమ్మిది రోజులూ మైకు మర్చిపోయి వెళ్లారుగా! ఆ గడియారాల టిక్కుటిక్కంతా ఎవరు చేశారు, మీ తాతా?"

"అన్నా, వేసెయ్యరాదూ, ఒక్క లైనేగా," అన్నాడు ట్రైపాడ్.

"నువ్వు నోర్ముయ్. టైటిల్స్ అయిపోయాయి, మళ్లీ ముట్టుకోను. " కెప్టెన్ చెవులపిల్ల వైపు తిరిగాడు. "నువ్వు ముందు ఆ మాటల మధ్య సందులు పూడ్చు. వినలేక చస్తున్నాం."

నిజమే. ముసలాయన మాటల్లో దగ్గులూ నసుగుళ్లూ కోసేసిన ప్రతిచోటా ధ్వని గోతిలో పడ్డట్టు ఆగిపోతోంది. ఖాళీ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసి ఆ సందుల్లో పరవాలి. అలా పరిచినట్టు ఎవరికీ తెలియకూడదు. తెలియకుండా చేయడమే ఆమె పని. అదే ఆమె ఖర్మ కూడా అయింది.

పోయినేడాదీ ఇంతే. ఫిల్ము చూడ్డానికి వాళ్ల నాన్నని తీసుకొచ్చింది. హాలంతా ఖాళీ అయినా ఆయన కుర్చీలోంచి లేవలేదు. తెల్లటి తెర వంకే చూస్తూ, "నీ పేరు ఇంకా రాలేదేంటమ్మా?" అన్నాడు. ఆ ఏడాది మార్కులు పోయాయి. ఈసారీ పోతే చదువు మానేసి షాపులోనే ఉండమని ఇంట్లో తేల్చిచెప్పారు.

"నిశ్శబ్దం తెస్తా," అంది చెవులపిల్ల. "కానీ నా పేరు పడ్డాకే నీకిస్తా."

తాళం కోసం వెళ్తే ల్యాబ్ అక్క ఆమె మొహంలోకి చూసింది.

"ఒక్కదానివేనా?"

"ఒక్క నిమిషం పనే అక్కా."

"తలుపు వేసుకోకమ్మా. లైటు ఆపకు."

రెండూ కుదరవు. తలుపు తీసి ఉంటే వరండా శబ్దం పడుతుంది. ట్యూబ్‌లైటు వెలిగితే దాని జుంయ్ పడుతుంది. ఆమె తలుపు మూసింది. లైటు ఆపింది.

బయట మూడు గంటల ఎండ. లోపల కళ్లు తెరిచినా మూసినా దాదాపు ఒకటే. తలుపుకి అరచేయంత అద్దం, దాంట్లోంచి సన్నటి వెలుగు. పాత స్పాంజి వాసన, దుమ్ము, ఎవరో చాలాసేపు చెమటలు కక్కినట్టు ఓ ఉప్పటి వాసన. ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీట నొక్కింది. ఎర్రచుక్క వెలిగింది.

పది సెకన్లు. తన గుండె.

ఇరవై. తన ఊపిరి. దాన్ని కూడా బిగబట్టింది.

ఊపిరి ఆగలేదు.

పొడిగా, గొంతు ఎండిపోయిన మనిషి తీస్తున్నట్టు... మైకుకి బాగా దగ్గరగా... లోపలికి, బయటికి.

ముప్పై ఐదు. స్పాంజి మీద ఏదో గీరుతోంది. గోళ్లు. కిందినుంచి మెల్లగా పైకి... మళ్లీ కిందికి.

హెడ్‌ఫోన్లు లాగిపారేసింది. గీరుడు ఆగలేదు.

తలుపు పిడి పట్టుకుంది. తిరగలేదు. రెండు చేతులతో తిప్పింది. తిరగలేదు. లైటు మీట వేసింది. లైటు రాలేదు. అద్దంలోంచి చూస్తే ఎడిటింగ్ గదిలో కెప్టెన్ వీపు కనిపిస్తోంది. పది అడుగుల దూరం. ఆమె పిడికిళ్లతో బాదింది. గొంతు చించుకుంది. అతను ట్రైపాడ్ చెప్పిన దేనికో నవ్వుతున్నాడు. భుజాలు ఎగిరిపడేంతగా నవ్వుతున్నాడు.

చెవి పక్కన గుసగుస.

"వినపడదు..."

ఆమె పిడికిళ్లు తలుపు మీదే ఆగిపోయాయి.

"నేనూ అరిచాను..."

ఏడుపు గొంతుదాకా వచ్చింది. అప్పుడే కెప్టెన్ వీపు మళ్లీ కనిపించింది, ఇంకా నవ్వుతూ. ఆ ఏడుపు ఎక్కడిదక్కడే మండిపోయింది. బయట వాడికీ లెక్కలేదు, లోపల దీనికీ లోకువే! అందరికీ నేనే దొరికానా?

ఆమె చీకటి వైపు తిరిగింది.

"చూడు," అంది. "నన్ను భయపెట్టి నీకేం ఒరుగుతుంది? నేనూ నీలాంటిదాన్నే. నీకేం కావాలో చెప్పు. చెప్పకపోతే దారి వదులు. ఐదింటికి నాకు పనుంది."

ఊపిరి ఆగింది. నిజంగా ఆగింది. అంతటి నిశ్శబ్దాన్ని ఆమె చెవులు ఎప్పుడూ వినలేదు.

"సరే. నీ పేరేంటి?"

చీకట్లోంచి, ఎన్నేళ్లుగానో నోట్లో పెట్టుకుని అరగదీసిన గులకరాయిలా, ఒక పేరు.

పిడి దానంతటదే తిరిగింది.

గుమ్మం బయట ల్యాబ్ అక్క నిలబడి ఉంది. చెవులపిల్ల ఆ పేరు చెప్పింది. అక్క చేతిలోంచి తాళాల గుత్తి జారి కిందపడింది.

"ఈ పేరు నీకెవరు చెప్పారు? రికార్డుల్లోంచి కూడా కొట్టేశారే!"

"ఎవరక్కా?"

అక్క గోడకి ఆనుకుంది. "ఆరేళ్లయింది. నీలాగే సౌండు చేసే పిల్ల. జట్టులో ఐదుగురు, టైటిల్స్‌లో నాలుగు పేర్లు. ఆ పిల్లది వేయలేదు. దానికి చెప్పకుండానే ప్రాజెక్టు అప్పగించేశారు, మార్కులేసే మేడం టైటిల్స్ చూసి లెక్కపెట్టారు. నాలుగు పేర్లు, నలుగురూ ఉన్నారు, తాళం వేసెయ్ అన్నారు. వేశాను. నాలుగు రోజులు సెలవులు..." ఆమె చేత్తో నోరు మూసుకుంది. "తాళం వేసింది నేనేనమ్మా. లోపల నిశ్శబ్దం రికార్డు చేస్తోందని నాకేం తెలుసు?"

చెవులపిల్ల గుత్తి తీసి అక్క చేతిలో పెట్టింది. నేరుగా వెళ్లి కెప్టెన్ కుర్చీ వెనక నిలబడింది.

"లే."

"ఏంటి?"

"లే అంటున్నా. శబ్దం దగ్గర నీ పేరు తీసి నాది వేస్తున్నా. దాని కింద ఇంకో పేరు."

"ఎవరిదే ఆ పేరు? ఎవతె అది?"

"నిశ్శబ్దం ఇచ్చిన మనిషి. కుదరదంటే చెప్పు, సౌండు ఫైళ్లన్నీ నా దగ్గరే ఉన్నాయి. మూగ సినిమా వేసుకో. టిక్కుటిక్కు నువ్వే నోటితో కొట్టు."

ట్రైపాడ్ కిసుక్కున నవ్వాడు. కెప్టెన్ గోడ గడియారం చూశాడు, ఆమె మొహం చూశాడు, లేచాడు.

చెవులపిల్ల ఆ కుర్చీలో కూర్చుని నిశ్శబ్దం ఫైలు తెరిచి వింది. తను బాదింది లేదు. అరిచింది లేదు. గోళ్లు లేవు. అరవై సెకన్ల స్వచ్ఛమైన నిశ్శబ్దం, సందుల్లో పరిస్తే అతుకు తెలియలేదు. ఆ రెండో పేరు ఇక్కడ రాయడం లేదు. అది పడాల్సిన చోట పడింది.

ఆరింటికి హాల్లో ఫిల్ము వేశారు. చివరి వరసలో వాళ్ల నాన్న కూర్చున్నాడు. టైటిల్స్‌లో ఆమె పేరు రాగానే, ఎవరేమనుకుంటారో అని చూడకుండా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. దాని కింది పేరు వచ్చినప్పుడు ముందు వరసలో మేడం చేతిలోని పెన్ను ఆగిపోయింది. దీపాలు వెలిగేదాకా ఆమె తెర వంకే చూస్తూ ఉండిపోయింది.

"జట్టు... పైకి రండి," అంది.

కెప్టెన్, ట్రైపాడ్, చెవులపిల్ల. ముగ్గురూ స్టేజీ ఎక్కి వరసగా నిలబడ్డారు. చెవులపిల్ల చివరన, చేతులు కట్టుకుని. ఎందుకో తనకీ కెప్టెన్‌కీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు వదిలింది.

మేడం మార్కుల కాగితం చూసింది. తలెత్తి, వేలితో చూపిస్తూ లెక్కపెట్టింది.

"ఒకటి... రెండు... మూడు... నాలుగు." కాగితం మీద టిక్కు పెట్టింది. "సరిపోయింది. నలుగురూ ఉన్నారు."

హాల్లో ఎవరూ కదల్లేదు. ఎవరూ నవ్వలేదు. తలుపు దగ్గర ల్యాబ్ అక్క ఆ ఖాళీ చోటు వైపు చూసి చేతులు జోడించింది.

"ఏయ్..." పెదాలు కదపకుండా గొణిగాడు కెప్టెన్. మొహంలో నెత్తురు చుక్క లేదు. "నా చెయ్యి వదులు."

చెవులపిల్ల కట్టుకున్న చేతులు కట్టుకున్నట్టే ఉంచి, నాన్న వైపు చూసి నవ్వింది.