సున్నా సార్లు నొక్కితే

"ఇవి అక్షరాలా, చీమలా?"

కొత్త లెక్కల మాస్టారు జిరాక్స్ కాగితాన్ని కౌంటర్ మీద పెట్టి అరిచినంత పని చేశాడు. అరగంటలో ఎదురు స్కూల్లో డెమో క్లాసు. హెడ్మిస్ట్రెస్ వెనక బెంచీలో కూర్చుంటుంది. పిల్లలకి అర్థమైతే ఉద్యోగం, లేకపోతే పెట్టె సర్దుకోవడమే.

"ముందొచ్చినాయన సగం సైజు తీయించుకున్నాడు. బటన్ మార్చడం మర్చిపోయాను, సారీ. ఒరిజినల్ ఇవ్వండి," అంది షాపు అమ్మాయి. సారీ చెప్పింది గానీ నవ్వు మాత్రం ఆగలేదు.

నవ్వదా మరి! ఆ ఒరిజినల్‌ని గొడుగులా నెత్తిన పెట్టుకుని వానలో రోడ్డు సగం దాటాకే ఈయన కాపీ చూసుకున్నాడు. ఇప్పుడు పాఠమంతా నీలం సిరాగా నుదుటి మీంచి కారుతోంది.

"కంగారెందుకండీ? ఈ సగాన్నే ఒకసారి డబుల్ కొడితే మొదటి సైజుకొచ్చేస్తుంది."

మెషీన్ గరగరలాడింది. బయటికొచ్చిన కాగితం చదివి ఆమె కనుబొమలు ఎగరేసింది.

"టూ పవర్ జీరో ఒకటా? ఎందుకు?"

"రూల్ అంతే."

"మా మాస్టారూ అదే అన్నాడు. 'సున్నా కావాలి కదా' అన్నందుకు బెంచీ ఎక్కించాడు. ఈ షాపుకొచ్చాకే నాకు తెలిసింది."

"ఏం తెలిసింది?"

"డబుల్ మూడుసార్లు కొడితే బొమ్మ ఎనిమిది రెట్లు. రెండుసార్లకి నాలుగు, ఒకసారికి రెండు. ఒక్కో నొక్కు తగ్గినప్పుడల్లా సగమవుతోందా? అసలు నొక్కకపోతే?"

"ఉన్నది ఉన్నట్టే... ఒకటి!"

"నొక్కలేదని బొమ్మ మాయమైపోదుగా. ఇంకో మెట్టు దిగండి."

"మైనస్ ఒకటికి సగం. మైనస్ రెండుకి పావు!" మాస్టారు గెంతాడు. "ఇందాకటి చీమలు టూ పవర్ మైనస్ వన్నా!"

ఆ ఊపులో కాగితాలన్నీ మర్చిపోయి వానలోకి పరిగెత్తాడు. క్లాసులో బోర్డు మీద ఒక పువ్వు గీసి, దాన్ని పెంచాడు, తగ్గించాడు. పిల్లలు ఒకటే చప్పట్లు. ఉద్యోగం వచ్చేసింది.

ఆ రోజు నుంచి ఆర్నెల్లు, సాయంత్రమయ్యేసరికి ఒకే ఒక్క జిరాక్స్ కోసం షాపుకి హాజరు. మళ్ళీ వాన పడిన రోజు ఆమెకి ఓపిక నశించింది.

"ఇంట్లో దాచుకున్నారా ఈ కాపీలన్నీ? ఇన్నాళ్ళలో మనసులో మాట ఒక్కసారైనా చెప్పారా?"

మాస్టారు తల గోక్కున్నాడు. "సున్నా సార్లు."

"అంటే ఏమీ లేదనేగా?"

"నొక్కకపోయినా ఒరిజినల్ ఉంటుందని మీరేగా చెప్పింది! మొదటి రోజు నుంచీ ఉంది."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి. మెషీన్ మీద దుమ్ము లేకపోయినా తుడిచింది.

"అయితే ఒకసారి చెప్పి చూడండి. రెట్టింపవుతుందేమో."

చెప్పాడు. వాన చప్పుడులో కూడా స్పష్టంగా వినబడేలా చెప్పాడు.

లోపల కాగితాల కట్టలు సర్దుతున్న ఆమె నాన్న తల బయటికి పెట్టాడు. "నాకూ వినబడింది బాబూ. రేపు మీ అమ్మగారిని తీసుకురా. ఈ జిరాక్సులు మాత్రం ఇక చాలు, పేపరంతా నీకే అయిపోతోంది!"