తీసిన చోట

ఆ ఉదయం నెజ్దెత్ టీ ముట్టుకోలేదు. ఆపరేషన్ రోజు టీ, కాఫీ వద్దని క్లినిక్‌వాళ్ళు చెప్పారు. పది గంటలకు షిష్లీలోని ఆ క్లినిక్‌లో ఉండాలి. రొట్టె, ఆలివ్‌లు తింటూ భార్య వైపు చూశాడు. మూజ్గాన్ తల ఎత్తలేదు.

అతను టాక్సీ నడుపుతాడు. మూజ్గాన్ పదకొండేళ్ళుగా ఒక క్లినిక్‌లో జుట్టు నాటుతోంది. డాక్టర్ నుదుటి మీద గీత గీసి వెళ్ళాక, తల వెనక జుట్టు కుదుళ్ళు తీసేదీ ముందు నాటేదీ ఆమెలాంటివాళ్ళే. కొడుకు ఒర్చున్ రెండు నెలల కిందట మరో క్లినిక్‌లో చేరాడు. విదేశీయులు అడిగే ప్రశ్నలకు జవాబులు రాయడం వాడి పని. తండ్రి బట్టతలకు ఆపరేషన్ అక్కడే వాడే కుదిర్చాడు. డబ్బు అక్కర్లేదు, ప్రచారానికి ఫొటోలు తీయడానికి ఒప్పుకుంటే చాలు.

తమ కొత్త పద్ధతిలో కుదురు సగమే తీస్తారనీ, మిగతా సగం నుంచి వెనక కూడా మళ్ళీ మొలుస్తుందనీ ఒర్చున్ వారం రోజులుగా చెబుతున్నాడు. తను తీసిన చోట మళ్ళీ మొలవడం ఒక్కసారీ చూడలేదని మూజ్గాన్ అంటోంది.

"నాటినవి మూడు వారాలకు రాలిపోయి మళ్ళీ వస్తాయని నా టాక్సీ ఎక్కినవాళ్ళే చెప్పారు. మరి వెనక తీసినవెందుకు రావు?" అన్నాడు నెజ్దెత్.

"రాలేది వెంట్రుక. మేం తీసేది కుదురు. నీకు వెనక ఉన్నదే పలచన. అదీ పోతే ఇక టోపీయే."

"అమ్మకి పాత పద్ధతే తెలుసు నాన్నా."

"వీడికి సూది ఎటు పట్టుకోవాలో తెలీదు, నాకు పద్ధతులు చెబుతున్నాడు."

ఒర్చున్ ప్లేటు పక్కకు నెట్టాడు. "పోయినేడాది మీ క్లినిక్‌లో అనువాదం చేసింది నేనే కదమ్మా. వెనక మళ్ళీ వస్తుందా అని పేషెంట్లడిగితే నువ్వు తలూపావు. నేను అవునని చెప్పాను. ఇప్పుడూ అదే రాస్తున్నా."

మూజ్గాన్ చేతిలో రొట్టె ముక్క కింద పెట్టింది.

"సగం పనయ్యాక అడుగుతారు," అంది. "తలంతా రక్తం. భయపడి కదిలితే సూది లోపల విరుగుతుంది. చుట్టూ ఉన్న జుట్టు కప్పేస్తుందిలే అనుకుని తలూపేదాన్ని." ఆమె కళ్ళు తుడుచుకుంది. "నువ్వు దాన్ని నమ్ముతావనుకోలేదురా. మీ నాన్న తల మీదికి తెస్తావనీ అనుకోలేదు."

ఎవరి మీద కోప్పడాలో నెజ్దెత్‌కు తెలియలేదు. లేచి, కుర్చీ కిటికీ దగ్గరికి లాక్కుని వీపు ఆమె వైపు పెట్టి కూర్చున్నాడు. చూడమన్నాడు. ఆమె వేళ్ళతో జుట్టు పాయలు తీసి ఓపిగ్గా చూసింది.

"ఐదొందల కుదుళ్ళు తీయొచ్చు. అంతకు మించి వద్దు. ముందు వైపు జుట్టు కొంచెం కనబడుతుంది. నుదురు నిండదు."

ఒర్చున్ ఫోన్ చేసి పది గంటల ఆపరేషన్ రద్దు చేశాడు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఉన్నదున్నట్టు రాస్తే ఎవరొస్తారమ్మా?"

"నేనొస్తా," అన్నాడు నెజ్దెత్. "నాకింకా సరిగా అర్థం కాలేదు. అయినా వస్తా. తీసేది మీ అమ్మయితే."